దేహదార్ఢ్య పరీక్ష: అంకెల వెనుక ఉన్న శాస్త్రం

సైనిక విద్యాలయంలో చేరదలచిన విద్యార్థికి రెండు విధాలైన పరీక్షలు ఎదురవుతాయి. ఒకటి కాగితంపై వ్రాసేది. రెండవది మైదానంలో దేహంతో చేసి చూపవలసినది. మొదటి పరీక్షకు చివరి వారంలో రాత్రులు మేల్కొని చదివి గట్టెక్కినవారు లేకపోలేదు. రెండవ దానిలో ఈ ఉపాయం పనిచేయదు. అంతవరకు పరుగు ఎరుగని కుర్రవాడు పరీక్షకు వారం రోజుల ముందు ప్రతిదినం ఐదారు మైళ్లు పరుగెత్తితే, పరీక్షనాటికి అతని ఫలితం మెరుగుపడడానికి బదులు కాళ్లు వాచి దిగజారవచ్చును. ఎందువల్ల ఇట్లు జరుగుతుంది? దేహబలాన్ని కొలవడం ఎట్లా, పెంచడం ఎట్లా అన్న ఈ రెండు ప్రశ్నలకు శాస్త్రజ్ఞులు నూరేండ్లకు పైగా సమాధానం వెదకినారు. ఆ అన్వేషణ చరిత్రలోనే మన ప్రశ్నకు జవాబు ఉన్నది.

వెస్ట్ పాయింట్ పరీక్ష

అమెరికాలో హడ్సన్ నది ఒడ్డున ఉన్న వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయం 1802లో స్థాపించబడినది. 1885లో హెర్మన్ కోలర్ అనే వ్యాయామాచార్యుడు అక్కడ చేరి, 1923 వరకు వ్యాయామ శిక్షణను నడిపినాడు. అతని కాలంలో వ్యాయామం క్రమబద్ధమైన పాఠ్యవిషయంగా రూపొందినది. 20వ శతాబ్ది మధ్యభాగం నుండి, చేరిన పిమ్మట ఇచ్చే శిక్షణయే గాక, చేరగోరేవారి దేహసామర్థ్యాన్ని ముందుగానే కొలిచే పద్ధతి అక్కడ పాదుకొన్నది.

తరువాతి కాలంలో అమెరికాలోని పలు సైనిక విద్యాలయాలు వాడుతున్న పరీక్షలో ఆరు అంశాలు ఉన్నవి. మోకాళ్లపై కూర్చొని బాస్కెట్‌బాల్‌ను దూరంగా విసరడం. అడ్డకమ్మీని పట్టుకొని వేలాడుతూ గడ్డం కమ్మీని దాటేవరకు దేహాన్ని పైకి లాగడం, అనగా పుల్-అప్‌లు. 40 గజాలను ముందుకు వెనుకకు మలుపులు తిరుగుతూ పరుగెత్తడం. ఒక నిమిషంలో చేయగలిగినన్ని సిట్-అప్‌లు. ఒక నిమిషంలో చేయగలిగినన్ని దండీలు. చివరగా ఒక మైలు పరుగు. ఇవన్నీ ఒకే పూట, వరుసగా, స్వల్ప విరామాలతో జరుగుతాయి. విసరుటలో విసురుబలము, కమ్మీమీద చేతుల బలము, మలుపుల పరుగులో చురుకుదనము, దండీలలో కండల ఓర్పు, మైలు పరుగులో గుండె ఊపిరితిత్తుల శక్తి వెల్లడి అవుతాయి. ఒక్క విద్యలో ఆరితేరినవాడు మిగిలినవాటిలో తప్పిపోవచ్చును. అందువల్లనే ఇన్ని అంశాలు.

1976 జూలైలో వెస్ట్ పాయింట్‌లో మొదటిసారిగా 119 మంది యువతులు చేరినారు. అప్పటి నుండి మరొక సమస్య ముందుకు వచ్చినది. ఒక్క పుల్-అప్ అయినా చేయలేనివారికందరికీ సున్నయే వస్తే, వారిలో ఎక్కువ బలం గలవారెవరో తక్కువ బలం గలవారెవరో తెలియదు. కనుక యువతులకు, చేతులు మడిచి గడ్డాన్ని కమ్మీపైన నిలిపి ఎన్ని సెకండ్లు ఉండగలరో చూసే పద్ధతిని కూడా వాడినారు. కొలబద్ద మనుషుల మధ్య ఉన్న తేడాను చూపలేనప్పుడు కొలబద్దనే మార్చుకోవాలన్న శాస్త్రసూత్రం ఇక్కడ కనబడుతుంది.

గడియారం కొలిచేదేమిటి?

మైలు పరుగునాడు పరీక్షాధికారి చేతిలో గడియారం తప్ప మరొక పరికరం ఉండదు. ఆ గడియారం చూపే నిమిషాలు దేహంలోని దేనిని తెలుపుతున్నవి? దీనికి మొదటి స్పష్టమైన సమాధానం ఇంగ్లాండులో లభించినది. కండరాలలో వేడి పుట్టే విధానాన్ని పరిశోధించినందుకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమతిని ఒట్టో మేయర్‌హాఫ్‌తో పంచుకొన్న ఆర్చిబాల్డ్ హిల్ స్వయంగా పరుగు సాధన చేసినవాడు. ఆయన, సహచరుడు లప్టన్ కలిసి, పరుగెత్తేవాని వీపుకు గాలిసంచి తగిలించి, విడిచిన ఊపిరిని అందులో పట్టి పరీక్షించినారు. పరుగు వేగం పెరిగినకొలదీ దేహం పీల్చుకొనే ఆమ్లజని, అనగా ఆక్సిజన్, పెరుగుతూ పోయినది. కాని ఒక హద్దు చేరిన తరువాత వేగం పెంచినా ఆమ్లజని వాడకం పెరగలేదు. హిల్ విషయంలో ఆ హద్దు నిమిషానికి సుమారు 4 లీటర్లు. 1923లో ప్రకటించబడిన ఈ భావమే గరిష్ఠ ఆమ్లజని వినియోగం. ఊపిరితిత్తులు, గుండె, రక్తం, కండలు అన్నీ కలిసి పనిచేస్తే గాని ఈ అంకె పెరగదు.

అయితే వేలాది యువకుల వీపులకు గాలిసంచులు తగిలించడం సాధ్యమా? రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ ప్రశ్న తీవ్రమైనది. అప్పుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయపు శ్రమ పరిశోధనశాలలో లూసియన్ బ్రూహా సులభమైన పరీక్ష నొకదానిని రూపొందించి 1943లో ప్రకటించినాడు. 20 అంగుళాల ఎత్తు గల బల్లపైకి నిమిషానికి 30 సార్లు చొప్పున 5 నిమిషాలు ఎక్కి దిగాలి. పిమ్మట కూర్చొని, ఒకటవ, రెండవ, మూడవ నిమిషాల చివర మొదలుపెట్టి అర నిమిషం చొప్పున మూడుసార్లు నాడిని లెక్కించాలి. ఎక్కిన కాలాన్ని సెకండ్లలో తీసుకొని 100తో హెచ్చించి, మూడు నాడి లెక్కల మొత్తానికి రెట్టింపుతో భాగిస్తే సూచిక వస్తుంది. ఉదాహరణకు 300 సెకండ్లూ ఎక్కినవాని నాడి లెక్కల మొత్తం 200 అయితే సూచిక 75. అదే 150 అయితే 100. అనగా గుండె ఎంత త్వరగా శాంతిస్తే అంత మంచిది. 90 దాటితే శ్రేష్ఠమనీ, 55కు తగ్గితే బలహీనమనీ వర్గీకరించినారు.

1968లో అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ మరింత సరళమైన మార్గం చూపినాడు. 12 నిమిషాలలో ఎంత దూరం పోగలడో కొలిస్తే చాలును. 115 మంది వైమానిక దళంవారిని మైదానంలోను, పరిశోధనశాలలోను పరీక్షించి, ఆ దూరానికీ గరిష్ఠ ఆమ్లజని వినియోగానికీ దగ్గర సంబంధం ఉన్నదని ఆయన నిరూపించినాడు. దూరాన్ని మీటర్లలో తీసుకొని, 504.9 తీసివేసి, 44.73తో భాగిస్తే, కిలోగ్రాము దేహపు బరువుకు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల ఆమ్లజని వాడగలడో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. 2,400 మీటర్లు పోయినవానికి ఈ విలువ 42 పైచిలుకు. 1,920 మీటర్లు పోయినవానికి 32కు కొంచెం తక్కువ. గాలిసంచి చేసిన పనిని గడియారమూ కొలనాడా చేయసాగినవి.

పెరుగుదల రహస్యం

కొలవడం ఒక ఎత్తు, పెంచడం మరొక ఎత్తు. యుద్ధకాలంలో షికాగోలోని ఒక సైనిక ఆసుపత్రిలో థామస్ డెలోర్మ్ అనే వైద్యుడు మోకాళ్లు దెబ్బతిన్న సైనికులకు చికిత్స చేస్తుండేవాడు. తేలికైన కదలికలనే చాలాసార్లు చేయించే అప్పటి ఆచారాన్ని విడిచి, బరువులు ఎత్తించసాగినాడు. రోగి సరిగా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువును ప్రమాణంగా తీసుకొని, బలం పెరిగినకొలదీ బరువును పెంచుతూ పోయినాడు. 1945లో ఈ ఫలితాలను ప్రకటించినాడు. భారీ బరువును కొద్దిసార్లు ఎత్తితే బలము, తేలిక బరువును ఎక్కువసార్లు ఎత్తితే ఓర్పు వృద్ధి అవుతాయని ఆయన వాదన. 1948 నాటికి అనుభవం మీద తన పద్ధతినే సవరించి, ప్రమాణ బరువులో సగంతో పది, ముప్పాతికతో పది, పూర్తి బరువుతో పది చాలునన్నాడు. శ్రమ అధికమైనంత మాత్రాన ఫలితం అధికం కాదని ఆయన గ్రహించినాడు.

పుల్-అప్‌లకు ఈ సూత్రం ఎట్లా వర్తిస్తుంది? ఒక్కటి కూడా చేయలేని విద్యార్థికి తన దేహమే మితిమీరిన బరువు. అతడు పీట ఎక్కి గడ్డాన్ని కమ్మీపైకి చేర్చి, అక్కడ నుండి మెల్లగా క్రిందికి దిగే సాధన చేయవచ్చును. పైకి లాగేటప్పటి కంటె దిగేటప్పుడు కండ ఎక్కువ బరువును ఆపగలదు. 1979లో మొరిటాని, డెవ్రీస్ అనే పరిశోధకులు మరొక విశేషం చూపినారు. సాధన మొదలుపెట్టిన తొలి వారాలలో వచ్చే బలం చాలవరకు కండ లావెక్కడం వల్ల కాదు. నాడులు ఉన్న కండనే మరింత పూర్తిగా పనిలోకి దించడం వల్ల వస్తుంది. కండ పెరుగుదల తరువాతి సంగతి. కనుక మొదటి నెలలో అద్దంలో మార్పు కనబడలేదని నిరుత్సాహపడవలసిన పని లేదు.

పరుగు విషయంలో జర్మన్ శిక్షకుడు వోల్డెమార్ గెర్ష్‌లర్, హృద్రోగ వైద్యుడు రైన్‌డెల్ కలిసి ఒక పద్ధతి తయారుచేసినారు. కొద్ది దూరం వేగంగా పరుగెత్తించి నాడిని నిమిషానికి 180 వరకు పోనిచ్చేవారు. అది 120కి దిగినంతవరకు విశ్రాంతినిచ్చి మరల పరుగెత్తించేవారు. గెర్ష్‌లర్ శిష్యుడు రుడాల్ఫ్ హార్బిగ్ 1939లో 800 మీటర్లను 1 నిమిషం 46.6 సెకండ్లలో పరుగెత్తినాడు. ఆ రికార్డు 1955 వరకు నిలిచినది. 1967లో జాన్ హాలోజీ ఎలుకలను నెలల తరబడి పరుగెత్తించి, వాటి కండకణాలలో ఆమ్లజనిని వాడుకొనే మైటోకాండ్రియా సామర్థ్యం దాదాపు రెట్టింపైనదని కనుగొన్నాడు. సాధన గుండెలోనే గాక కణంలో కూడా మార్పు తెస్తుందని దీనివల్ల తేటతెల్లమైనది.

అమెరికాలోని డల్లాస్ నగరంలో 1966లో జరిగిన ప్రయోగం విద్యార్థులందరూ తెలుసుకొనదగినది. ఐదుగురు యువకులను 20 రోజులు మంచంపై పడుకోబెట్టినారు. వారి గరిష్ఠ ఆమ్లజని వినియోగం సగటున నిమిషానికి 3.3 లీటర్ల నుండి 2.4 లీటర్లకు పడిపోయినది. పిమ్మట దాదాపు ఎనిమిది వారాలు కఠిన సాధన చేయించగా 3.9 లీటర్లకు పెరిగినది. మూడు వారాలలో పోయినదానిని తిరిగి సంపాదించి, దానిపైన మరికొంత గడించడానికి రెండు నెలలు పట్టినదన్నమాట.

తొందర తెచ్చే ముప్పు

ఇక మొదట వేసిన ప్రశ్నకు వద్దాం. 1855లో బ్రైట్‌హాప్ట్ అనే ప్రష్యా సైనిక వైద్యుడు, దూరపు నడకల తరువాత సైనికుల పాదాలు వాచి నొప్పిపెట్టడాన్ని వర్ణించినాడు. కారణం అప్పుడు తెలియలేదు. 1895లో ఎక్స్-కిరణాలు కనుగొనబడిన తరువాత, 1897లో ఆ పాదాల ఛాయాచిత్రాలు తీయగా లోపలి సన్నని ఎముకలు చిట్లి ఉన్నట్లు తేలినది. దెబ్బ తగలకుండా, పడిపోకుండా, నడక వల్లనే ఎముక విరిగినది! ఎముక జీవపదార్థం. క్రొత్త బరువు పడినప్పుడు అది ముందు పాత భాగాన్ని కరిగించుకొని, తరువాత క్రొత్త భాగాన్ని కట్టుకొంటుంది. కరగడానికి వారాలు, కట్టడానికి నెలలు పడుతుంది. ఈ నడిమికాలంలో ఎముక మునుపటికంటె బలహీనంగా ఉంటుంది. గుండె, కండలు ముందుగా బలపడి ఇంకా పరుగెత్తగలమని ధైర్యం చెబుతాయి. ఎముక మాత్రం వెనుకబడి ఉంటుంది. కడపటి వారంలో మితిమీరి పరుగెత్తిన విద్యార్థి పోగొట్టుకొనేది పరీక్ష ఒక్కటే కాదు. నెలల తరబడి కాలు నేలపై మోపలేకపోవచ్చును.

మన దేశంలో

పూనా సమీపంలోని ఖడక్‌వాస్లాలో మన జాతీయ రక్షణ విద్యాలయానికి 1955 జనవరిలో ప్రారంభోత్సవం జరిగినది. విజయనగరం వద్ద 1962లో ప్రారంభమైన కోరుకొండ సైనిక పాఠశాల వంటివి తెలుగు బాలురను ఈ మార్గానికి సిద్ధపరచినవి. 2022లో ఖడక్‌వాస్లాలో యువతులు కూడా మొదటిసారిగా శిక్షణకు చేరినారు. ఈ విద్యాలయ ప్రవేశానికి కేంద్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ వెలువరించిన ప్రకటనలలో అభ్యర్థులు దేహాన్ని ఎట్లా సిద్ధం చేసుకోవాలో సూచనలు ఉన్నవి: 15 నిమిషాలలో 2.4 కిలోమీటర్ల పరుగు, తాడాట, కనీసం 20 చొప్పున దండీలు, సిట్-అప్‌లు, కనీసం 8 చిన్-అప్‌లు, 3 నుండి 4 మీటర్ల తాడు ఎగబ్రాకడం. ఇవి మార్కులకోసం గాక, ముందున్న కఠిన శిక్షణను తట్టుకొనడానికి చెప్పినవి. 15 నిమిషాలలో 2.4 కిలోమీటర్లు పోయే వేగం, పైన చెప్పిన 12 నిమిషాలలో 1,920 మీటర్ల వేగమే. ఇది గమ్యం కాదు, ప్రారంభం మాత్రమే.

ఈ చరిత్ర నుండి విద్యార్థులు, వారిని తీర్చిదిద్దే ఉపాధ్యాయులు గ్రహించవలసినది క్లిష్టమైనదేమీ కాదు. పరీక్షకు కనీసం నాలుగైదు నెలల ముందే మొదలుపెట్టాలి. మొదటిరోజున అన్ని అంశాలనూ కొలిచి పుస్తకంలో వ్రాసుకోవాలి. ఏ అంశంలో వెనుకబడి ఉంటే దానిపైన ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. వారం వారం భారాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ, నడుమ విశ్రాంతి దినాలను విడవకుండా పాటించాలి. ఎముకమీద ఒకేచోట నొప్పి నిలిచి ఉంటే పరుగు ఆపి వైద్యునికి చూపాలి. కడపటి వారంలో సాధన తగ్గించాలే గాని పెంచరాదు. పరీక్షనాడు గడియారం చూపే అంకె ఆనాటి పట్టుదలను మాత్రమే గాక, గడచిన నెలలన్నిటి దినచర్యను లెక్కిస్తుంది.