మన వంటింటి చరిత్ర

ఏలూరు చరిత్ర అనగానే మన పెద్దలు సర్కారు జిల్లాల సంగతి ఎత్తుకుంటారు. గోల్కొండ సుల్తానులు, 1753లో సలాబత్ జంగ్ ఈ సర్కారులను ఫ్రెంచివారికి ఒప్పగించడం, 1766లో నిజాం అలీఖాన్ ఇంగ్లీషు కంపెనీతో చేసుకున్న ఒడంబడిక, ఆపైన తివాచీల నేత. ఇవి చెప్పుకోదగినవే, కాదనము. అయితే దొరతనాలు మారినా ఇక్కడే ఉండిపోయిన మామూలు జనం ఏం వండుకు తిన్నారు? ఆ చరిత్ర మన ఆడవాళ్ల చేతుల్లో ఉంది.

ముందుగా కిచిడీ, ఖట్టా. జ్వరం తగ్గినవాడికీ, ముసురు పట్టిన రోజుకీ, నెలాఖరుకీ మన ఇళ్లలో ఇదే గతి. 14వ శతాబ్దంలో మన దేశం తిరిగిన ఇబ్న్ బతూతా, ఇక్కడివారు పెసలూ బియ్యమూ కలిపి వండి నేతితో తింటారని రాశాడు. అక్బరు కాలపు 'ఆయినే అక్బరీ'లో బియ్యం, పప్పు, నెయ్యి మూడూ సమపాళ్లని ఉంది. (అంత నెయ్యి పోస్తే మాస్టారి జీతం ఏమవుతుందో వేరే చెప్పనక్కర లేదు!) మన కిచిడీ నెయ్యి తగ్గించుకుని పక్కన ఖట్టా పెట్టుకుంది. చింతపండు పులుసు, వేయించి నూరిన నువ్వులు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అంతే. పక్కింటి హిందూ సోదరుల పచ్చిపులుసుకు ఇది తోబుట్టువు.

చింతపండు మాట వచ్చింది గనుక ఒక సంగతి. ఇంగ్లీషువారి 'టామరిండ్' అనే పేరు అరబ్బీ 'తమ్ర్ హిందీ' నుంచి వచ్చింది. అంటే హిందూదేశపు ఖర్జూరం. అరబ్బు వర్తకులకది మన దేశపు సరుకే; చెట్టు పుట్టుక మాత్రం ఆఫ్రికా అని శాస్త్రజ్ఞులంటారు. మిరపకాయ ఇంకా కొత్తది. 16వ శతాబ్దంలో పోర్చుగీసువారు తెచ్చారు, అంతకు ముందు కారమంటే మిరియాలే. ఇక 'ఇది మీ వంట, ఇది మా వంట' అని గీత గీసేవారు ఈ రెంటినీ ఎటువైపు పెడతారో మాకు బోధపడదు. మన 'చిగుర్ గోష్త్'నే చూడండి, పేరులో సగం ఉర్దూ, సగం తెలుగు!

గోంగూర మాంసమైనా, దాల్చా అయినా వెనక ఉన్న లెక్క ఒకటే. కొద్దిపాటి మాంసం పదిమందికి అందాలి. రెండు కట్టల ఆకు, లేదా శనగపప్పు, సొరకాయ, నాలుగు ఎముకలు. ఉల్లిపాయలకు తాడేపల్లిగూడెం హోల్‌సేల్ మార్కెట్ ఉండనే ఉంది.

కొల్లేటి పక్క ఊళ్లలో మాంసానికి బదులు చేప. కొరమీనును బూడిద వేసి రుద్ది, జిగురు పోగొట్టి, చింతపులుసులో సాలన్ చేసేవారు. గొరక, ఇంగిలీకం బీదవాడి కూర. తర్వాత సరస్సులో చేపల చెరువులు లేచాయి. 1999లో కొల్లేటిని అభయారణ్యం చేశారు, 2002లో రామ్‌సర్ జాబితాలో చేర్చారు, 2006లో ఐదో కాంటూరు లోపలి చెరువు గట్లను కొట్టేశారు. ఈ చెరువుల పెంపకంతో బజారుకు వచ్చేది ఎక్కువగా బొచ్చె, శీలావతి. కొరమీను ధర అడిగి ముందుకు నడిచేవారే ఎక్కువ.

అసలు మా బాధ వేరు. మన పెళ్లిళ్లలో ఇప్పుడు బిర్యానీకి తప్ప గౌరవం లేదు. పులావు, దాల్చాతో సరిపెట్టిన ఇంటిని చిన్నచూపు చూస్తున్నారు. ఆడపిల్ల తండ్రి అప్పు చేసి డేగిశాలు ఎక్కిస్తున్నాడు. ఇటు ఇంట్లో, కొలతలు అడిగితే నానీలు 'అందాజ్ సే' అంటారు. ఆ అందాజు వాళ్లతోనే పోతోంది.

అందుకని ఒక వేసవి సెలవులకు మేము పిల్లలకు పని అప్పజెప్పాం. ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని ఒక్క వంట, ఆమె మాటల్లోనే, ఉర్దూలోనో తెలుగులోనో రాసుకు రమ్మన్నాం. వచ్చిన కాగితాల్లో కిచిడీలే తొమ్మిది, ఒకదానికీ ఒకదానికీ పొంతన లేదు. ఖట్టాలో బెల్లం వెయ్యాలా వద్దా అనే తగువు మా క్లాసులో ఇంకా తెగలేదు.