ఆల్కో ఇంజను పొగ తగ్గిన కథ

మిర్యాలగూడ, విష్ణుపురం వైపు నుంచి ధాన్యం, సిమెంటు రైలెక్కుతాయి. కరెంటు తీగ రాకముందు ఆ లైన్లో గూడ్సు బండ్లను లాగింది డీజిలు ఇంజన్లే.

మన దేశంలో వాటి పూర్వీకుడు అమెరికాలో పుట్టిన ఆల్కో ఇంజను. 1962లో డబ్ల్యూడీఎం-2 పేరుతో ఇక్కడ దిగింది. 1964 నుంచి వారణాసిలోనే తయారైంది. 16 సిలిండర్లు, 2600 హార్స్‌పవర్. గట్టి పిండమే గానీ పొగ మహా ఎక్కువ. లోకో పైలట్ నాచ్ (శక్తిని పెంచే మెట్టు) పెంచగానే డీజిలు సిలిండర్లలోకి దూకుతుంది. దాన్ని మండించే గాలిని తోసే టర్బో వేగం అందుకోవడానికి మాత్రం కాస్త సమయం పడుతుంది. ఆ సందులో సరిగా కాలని ఇంధనమే నల్లటి పొగ.

పాటియాలా కర్మాగారం పాత ఇంజన్లను విప్పి, బాగుచేసి, 3100 హార్స్‌పవర్‌కు పెంచింది. వాటి బుర్రను మార్చే పనిలో హైదరాబాదు చెయ్యి ఉంది. 1984లో మొదలైన మేధా సర్వో డ్రైవ్స్ రిలేల చోట మైక్రోప్రాసెసర్‌ను కూర్చోబెట్టింది. పొగ తగ్గేలా ఇంజను మీద ఎప్పుడు ఎంత భారం వేయాలో అది లెక్కగడుతుంది. చక్రం జారితే పసిగట్టి శక్తి తగ్గిస్తుంది.

నాకు వీటన్నిటికన్నా నచ్చింది ఓ చిన్న సహాయక ఇంజను. సిగ్నల్ దగ్గర గంటలకొద్దీ నిలబడ్డా పెద్ద ఇంజనును ఆపేవారు కాదు. బ్యాటరీకి కరెంటు కావాలి, బ్రేకులకు గాలి కావాలి. ఊరికే నిలబడి గంటకు సుమారు 25 లీటర్లు తాగేది. ఆ పనులన్నీ చిన్నది 3 లీటర్లతో కానిచ్చేస్తుంది.

భద్రత విషయంలోనూ మన నేలదే ముందడుగు. ఎర్ర సిగ్నల్ దాటబోతే బ్రేకు వేసే ‘కవచ్’ పరీక్షలు దక్షిణమధ్య రైల్వేలో, వికారాబాద్ పరిసరాల్లో జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ–చిటిగిడ్డ మధ్య రైల్వే మంత్రిని ఎక్కించుకున్న ఇంజను, ఎదురుగా ఉన్న ఇంజనుకు 380 మీటర్ల దూరంలో తనంతట తానే ఆగింది. ఇంజనులో పరికరం, పట్టాల మధ్య ట్యాగులు, స్టేషన్లో రేడియో: ఈ మూడూ కలిస్తేనే అది పనిచేస్తుంది. పాత ఇంజనుకు పెట్టె బిగించి వదిలేస్తే చాలదు.

పొగ సంగతి తేల్చడానికి వారణాసి కర్మాగారం ఏకంగా డీజిలునే పీకేసింది. గూడ్సు లాగే పాత డబ్ల్యూడీజీ-3ఏలు రెండింటిని కరెంటు ఇంజన్లుగా మార్చి, జంటగా 10,000 హార్స్‌పవర్ రాబట్టింది. 2019 ఫిబ్రవరి 19న ప్రధాని దానికి జెండా ఊపారు. ఆ మార్పిడి మాత్రం పెద్ద ఎత్తున సాగలేదు.