గరక ఎవరి కలుపు?

పోయినేడాది జూన్‌లో టెక్సస్‌లో ఉండే మా తమ్ముడికి వాళ్ల కాలనీ సంఘం నుంచి ఒక నోటీసు వచ్చింది. ఇంటి ముందు లాన్‌లో కలుపు పెరిగిందట, రెండు వారాల్లో తీసేయకపోతే జరిమానా అట. వీడియో కాల్‌లో ఫోన్ కిందికి వంచి ఆ కలుపును చూపించాడు. జమ్మికుంట దగ్గర మా ఊళ్లో మంచం మీద కూర్చుని చూస్తున్న అవ్వ ఫోన్‌ను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

"అది గంగవాయిలి కూర గదరా! తెంపుకొచ్చి పప్పుల ఏసుకో."

"వద్దవ్వా, దానికి మందు కొట్టిన్రు."

"మరి సుట్టూత ఉన్నది గరకనే గద? గరకను ఉంచి కూరను పీకుతున్రా?"

ముగ్గురం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక కూడా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. నేను సాఫ్ట్‌వేర్ మనిషిని. ఒకరి బగ్ ఇంకొకరి ఫీచర్ అని రోజూ జోకులేసుకునే వృత్తి మాది. కానీ గడ్డి విషయంలో ఆ జోకుకు వందేళ్ల చరిత్ర ఉందని తర్వాత చదివితేగానీ తెలియలేదు.

అవ్వ పోలిక తప్పు కాదు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో ఇళ్ల ముందు ఎక్కువగా పెంచేది బెర్ముడా గ్రాస్. దాని శాస్త్రీయ నామం సైనోడాన్ డాక్టిలాన్, మన గరక శాస్త్రీయ నామం కూడా అదే. పేరులో బెర్ముడా ఉన్నా అది ఆ దీవుల్లో పుట్టిన గడ్డి కాదు, మన వైపు ఖండాల నుంచి అక్కడికి వెళ్లింది. అక్కడ కూడా పత్తి రైతులకు అదంటే పడేది కాదు. పీకినకొద్దీ కణుపు కణుపుకీ వేరు తన్ని మళ్లీ లేచే గడ్డిని ఏ పత్తి రైతు ఇష్టపడతాడు? తర్వాత జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ పరిశోధనా కేంద్రంలో గ్లెన్ బర్టన్ అనే శాస్త్రవేత్త ఈ గడ్డినే పట్టుకుని కొత్త రకాలు చేశాడు. 1943లో పశువుల మేత కోసం వదిలిన 'కోస్టల్' రకానికి తల్లిదండ్రుల్లో ఒకటి ఆ ఊరి దగ్గర ఓ పాత పత్తి చేనులో దొరికిన గరకే. గరకను దాని ఆఫ్రికా చుట్టంతో కలిపి చేసిన 'టిఫ్‌వే' 1960లో వచ్చింది. గోల్ఫ్ మైదానాల్లో, లాన్లలో అది ఇప్పటికీ నడుస్తోంది. చేనులో శత్రువు ఒక తరం తిరిగేసరికి వాకిట్లో సింగారం అయింది.

దీనికి ఉల్టా కథ కూడా ఉంది. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు అమెరికాలో లాన్ విత్తనాలు కొంటే వాటిలో తెల్ల క్లోవర్ విత్తనాలు కలిపి ఇచ్చేవాళ్లు. క్లోవర్ గాలిలోని నత్రజనిని నేలకు ఇస్తుంది కాబట్టి అదంటే గౌరవం. యుద్ధం అయ్యాక 2,4-డి అనే కలుపుమందు మార్కెట్లోకి వచ్చింది. అది వెడల్పాకుల మొక్కలను చంపుతుంది, గడ్డిని వదిలేస్తుంది. పిచ్చిమొక్కలతో పాటు క్లోవర్ కూడా చచ్చిపోయింది. క్లోవర్‌ను కాపాడే మందు తయారు చేయడం కష్టం, క్లోవర్‌నే కలుపు జాబితాలో రాయడం తేలిక. రెండోదే జరిగింది. నత్రజని ఇచ్చే మొక్క పోయింది కాబట్టి ఎరువు కూడా కొనుక్కోవలసి వచ్చింది. ఇప్పుడు మా తమ్ముడికి ఏడాది పొడుగునా క్యాలెండర్ ఉంది. చలి తగ్గే ఫిబ్రవరి, మార్చిలో కలుపు మొలవకుండా మందు, గరక పచ్చబడ్డాక ఎరువు, ఎండాకాలంలో వేరుపురుగుకూ చీమల పుట్టలకూ మందు, చలి ముందు మళ్లీ మొలకల మందు. చలికాలం గరక ఎండుగడ్డి రంగుకు తిరిగి నిద్రపోతుంది. వాడికి కూడా అప్పుడే సెలవు.

మరి మన దగ్గర ఇంటి ముందు ఏముండేది? ఏమీ ఉండేది కాదు, కావాలనే. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో మంచి వాకిలి అంటే ఒక్క గడ్డిపోచ కూడా లేని వాకిలి. పొద్దున్నే ఊడ్చి, సాన్పి చల్లి, ముగ్గు పెట్టాలి. నున్నటి నేల మీద పాము కనపడుతుంది, తేలు కనపడుతుంది. కల్లం చాలకపోతే వడ్లు, మక్కలు ఆరబోసుకోవచ్చు. పచ్చదనానికి చోటు ఇంటి వెనక పెరడులో, ఊరి చుట్టూ చేన్లలో. మా క్యాలెండర్ మిరుగంతో మొదలయ్యేది. తొలి వానలకు మొలిచిందంతా పీకేయడం, గోడల మూలల్లో చెదల మట్టి గీకేయడం, గింజల్లో యాపాకు కలపడం, సాయంత్రం దోమలకు యాపాకు పొగ. వినాయక చవితికి మాత్రం పిల్లలం గరక కోసం గట్ల వెంట తిరిగేవాళ్లం. ఏడాదంతా పీకి పారేసిన గడ్డికి ఆ ఒక్కరోజు పూజలో చోటు.

ఇదంతా తలుచుకుని ఆ రోజులే బాగుండేవని రాయడం సులువు. అవ్వ ముందు ఆ మాట అంటే ఒప్పుకోదు. "నడుములు నీయి కాదు గద" అంటుంది. పత్తి చేనులో పొద్దంతా వంగి కలుపు తీయడం ఆమె యవ్వనమంతా చేసిన పని, మా చేనులో కొన్నాళ్లు, కూలికి కొన్నాళ్లు. సాలు మధ్యలో గుంటుక తోలతారు, మొక్కల మొదట్లో మాత్రం చెయ్యే పోవాలి. ఆ చేతుల్లో దాదాపు అన్నీ ఆడవాళ్లవే. ఇంటికి వచ్చేటప్పుడు ఒడిలో గంగవాయిలి, పొనగంటి కూర తెచ్చేవాళ్లు. కలుపే కూర కూడా. పీకే మనిషికి ఏది పారేయాలో ఏది వండుకోవాలో తెలుసు. మందుకు ఆ తేడా తెలియదు.

మందులు మన ఇళ్లల్లోకి మొదట దోమల పేరుతో వచ్చాయి. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలయ్యాక గోడలకు డీడీటీ కొట్టేవాళ్లు. 1989లో వ్యవసాయంలో దాన్ని నిషేధించినా దోమల కోసం ఉంచారు. చీమలకు గమాక్సిన్ పొడి మా చిన్నప్పటి దాకా ఇంట్లో ఉప్పు డబ్బా అంత మామూలు. ఆ తర్వాత చేన్లల్లో పత్తి పెరిగిన కొద్దీ పురుగు మందూ పెరిగింది. మా పక్కనే వరంగల్ జిల్లాలో 1997-98లో లద్దెపురుగు పంటను తినేశాక, మందుల అప్పులు మిగిలిన రైతులు ఆ మందే తాగి చనిపోయారు. 2002 మార్చిలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. అది కాయతొలుచు పురుగు కోసం చేసిన విత్తనం, కలుపుకు దానితో సంబంధం లేదు. కానీ కూలీలు దొరకని చోట రైతుకు కలుపే పెద్ద ఖర్చు. అందుకే గ్లైఫోసేట్ కొట్టినా చావని పత్తి విత్తనం, ప్రభుత్వ అనుమతి లేకుండానే, దొంగచాటుగా చేన్లలోకి పాకింది.

గ్లైఫోసేట్ 1974లో 'రౌండప్' పేరుతో అమెరికాలో వచ్చింది. మన దేశంలో దానికి అనుమతి ఉన్నది తేయాకు తోటలకు, పంట లేని ఖాళీ జాగాలకు మాత్రమే. 2018లో తెలంగాణ ప్రభుత్వం దాని అమ్మకాలపై ఆంక్షలు పెట్టింది. 2022 అక్టోబరులో కేంద్రం ఇంకో మాట చెప్పింది: ఇకపై దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లు తప్ప ఎవరూ వాడకూడదు. అంటే కాగితం మీద పత్తి చేనులో అది నేరం, మా అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ జాగాలో సేవ. ఈ జాగ్రత్త ఎందుకో ఆదిలాబాద్ వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెన్‌గంగ దాటితే యవత్మాల్. 2017లో అక్కడ పత్తికి పురుగు మందులు కొడుతూ ఆ విషం పీల్చి 20 మందికి పైగా చనిపోయారు.

హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో నెలకోసారి మందు కొట్టే అబ్బాయిది ఆదిలాబాద్ జిల్లా. "ఊళ్లె పత్తికి కొట్టేటోన్ని అన్నా, ఇక్కడైతే నెల జీతం" అన్నాడు. చేతులకు గ్లౌజులు లేవు, ముక్కుకు రుమాలు కట్టుకున్నాడు. నేను లాప్‌టాప్ బ్యాగుతో లిఫ్ట్ దగ్గర నిలబడి, లాన్ కూడా చేనే అని అప్పుడు అర్థం చేసుకున్నాను. కొట్టే చెయ్యి అదే, పీల్చే ఊపిరి అదే. పంట ఒక్కటే లేదు.

ఆ నెల మెయింటెనెన్స్ కమిటీ ఒక జాబితా పెట్టింది, వెనక గోడ పొడవునా చంపాల్సిన మొక్కలతో. అందులో తుంగ ఉంది, వయ్యారిభామ ఉంది, గునుగు కూడా ఉంది. గునుగు! చేన్లల్లో, గట్ల మీద దానంతటదే మొలిచే కలుపు. అది లేకపోతే మా వైపు బతుకమ్మ నిలబడదు. చిన్నప్పుడు గోనెసంచి పట్టుకుని పోతే గంటలో నింపుకొచ్చేవాళ్లం. ఇప్పుడు మా చేను గట్టు మీద వెతికినా పిడికెడు దొరకదు, జమ్మికుంటలో కట్ట కొనుక్కుంటాం. మా గట్టుకు మందు కొట్టించింది మేమే.

కమిటీకి రాశాను: సద్దుల బతుకమ్మ దాకా గోడ పక్క మందు ఆపండి, కొట్టే అబ్బాయికి గ్లౌజులు, మాస్కు ఇప్పించండి అని. గ్లౌజులకు ఒప్పుకున్నారు. గునుగు దగ్గర మాత్రం, పాములు వస్తే ఎవరిది బాధ్యత అన్నారు. నాకు కోపం వచ్చి అవ్వకు ఫోన్ చేశాను. నా పక్షం మాట్లాడుతుందనుకున్నాను.

"వాళ్లు అన్నది నిజమే గదా కొడుకా. పిల్లలు తిరిగే జాగ అంత సాఫుగ కోపియ్యి. గోడ పొంటి గునుగు ఉంచుమను. మందు ఎందుకు, కొడవలి లేదా?"

అదే రాసి మళ్లీ పంపాను. ఇంకా జవాబు రాలేదు.