లాక్కున్న కార్డులు: రొహింగ్యాల పౌరసత్వం పోయిన తీరు

రొహింగ్యాలు ఏ దేశానికీ చెందనివాళ్లు ఎలా అయ్యారని అడిగితే సాధారణంగా వచ్చే జవాబు ఒకటే: 1982లో బర్మా (నేటి మయన్మార్)లో నే విన్ ప్రభుత్వం తెచ్చిన పౌరసత్వ చట్టం. ఇది సగం నిజమేనని నా అభిప్రాయం. చట్టం మారితే అంతా సర్దుకుంటుందన్న భ్రమకు మూలం కూడా ఈ జవాబే. పూర్వచరిత్రను ఇక్కడ తవ్వనక్కర్లేదు. అరకాన్ (నేటి రఖైన్) రాజుల కొలువులో ముస్లింలు ఉన్నారు. 1784–85లో బర్మా రాజు ఆ రాజ్యాన్ని గెలుచుకున్నాడు. 1826 యాండబూ సంధితో అది ఈస్టిండియా కంపెనీ చేతికి వెళ్లింది, ఆ తర్వాత చిట్టగాంగ్ నుంచి కూలీలు పెద్ద ఎత్తున వచ్చారు. రొహింగ్యాలంతా ఆ కూలీల సంతతేనని బర్మా జాతీయవాదులు అంటారు. కానీ అక్కడ చాలాకాలంగా స్థిరపడ్డ ముస్లింలు తమను ‘రూయింగా’ అని చెప్పుకుంటున్నారని ఫ్రాన్సిస్ బుకానన్ 1799లోనే రాశాడు. అసలు ఈ ప్రాచీనత పోటీయే అనవసరం. వలస వచ్చినవాళ్ల సంతానమే అనుకున్నా, రెండు తరాలుగా అక్కడే స్థిరపడి, తల్లిదండ్రులూ తానూ అక్కడే పుట్టినవాణ్ని 1948 నాటి బర్మా పౌరసత్వ చట్టం పౌరుడిగానే చూసింది. ఆ రోజుల్లో రొహింగ్యాలు ఓటేశారు, పార్లమెంటులో కూర్చున్నారు. 1960ల తొలినాళ్లలో రంగూన్ రేడియోలో వాళ్ల భాషలో ప్రసారాలు వచ్చేవి.

1978 ఫిబ్రవరిలో అరకాన్‌లో ‘నాగమిన్’ పేరుతో పౌరసత్వ తనిఖీలు మొదలయ్యాయి. కొద్ది నెలల్లోనే రెండు లక్షల మందికి పైగా నాఫ్ నది దాటి బంగ్లాదేశ్ చేరారు. అప్పటికి 1982 చట్టం పుట్టనే లేదు. పైగా అదే ఏడాది కుదిరిన ఒప్పందంలో బర్మా వాళ్లను తన చట్టబద్ధ నివాసులుగా ఒప్పుకుని వెనక్కి తీసుకుంది. 1982 చట్టం 1823కు ముందు నుంచీ ఉన్న జాతులకే పుట్టుకతో హక్కు ఇచ్చిన మాట నిజం. అయితే అదే చట్టం ఆరో సెక్షన్ ప్రకారం, చట్టం వచ్చేనాటికి పౌరులుగా ఉన్నవాళ్లు పౌరులుగానే కొనసాగుతారు. మరి పౌరసత్వం ఎక్కడ పోయింది? 1989లో పాత జాతీయ నమోదు కార్డులు తీసుకుని కొత్తవి ఇవ్వడం మొదలుపెట్టారు: పూర్తి పౌరులకు గులాబీ, అనుబంధ పౌరులకు నీలం, సహజీకృతులకు ఆకుపచ్చ. రొహింగ్యాల్లో ఎంతోమంది పాత కార్డు అప్పగించారు, బదులు ఏదీ రాలేదు. 1991–92లో మరో రెండున్నర లక్షల మంది పారిపోయారు. 1995 నుంచి రొహింగ్యాల చేతిలో పెట్టింది తెల్లకార్డు. అది పౌరసత్వానికి రుజువు కాదు. 2015లో దాన్నీ రద్దు చేశారు, దాంతోపాటే ఓటూ పోయింది.

అలాగని చట్టం నిర్దోషి కాదు. పౌరసత్వ నిర్ణయాలకు కారణం చెప్పనక్కర్లేదని రాసి, గుమాస్తా పక్షపాతానికి అదే రక్షణ కల్పించింది. ఇక సాయుధ దాడులే రొహింగ్యాల దుస్థితికి కారణమన్న వాదన. 2017 ఆగస్టు 25న రొహింగ్యా సాయుధ సంస్థ అర్సా పోలీసు ఠాణాలపై దాడి చేసింది, సైన్యం ప్రతిదాడితో ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్ చేరారు. దాడి జరగలేదని ఎవరూ అనరు. కానీ అంతకు చాలాముందే పక్క ఊరికి వెళ్లడానికీ పెళ్లికీ అనుమతి అడగాల్సిన స్థితిలో ఉన్న జనం వీళ్లు. 2012 అల్లర్ల తర్వాత లక్షకు పైగా మంది శిబిరాల్లో బందీలయ్యారు. ఆ బందిఖానాకు 2017 దాడి కారణమెలా అవుతుంది?

బర్మాలో పరాయితనం తెలుగువాళ్లకూ తెలుసు. కోరంగీలని పిలిపించుకుని రంగూన్ రేవులో మూటలు మోసిన తెలుగువాళ్లకూ 1930లో అక్కడ దాడులు ఎదురయ్యాయి. 1960లలో వెళ్లగొట్టినప్పుడు వాళ్లకు తిరిగొచ్చేందుకు ఒక దేశం ఉంది. హైదరాబాద్ బాలాపూర్‌లో తలదాచుకున్న రొహింగ్యాలకు అదీ లేదు. 1982 చట్టాన్ని మారుస్తామని 2021లో సైనిక పాలనను వ్యతిరేకిస్తూ ఏర్పడిన జాతీయ ఐక్యతా ప్రభుత్వం ప్రకటించింది. మంచిదే, కానీ లాక్కున్న కార్డులను ఇంటి జాబితాలతో సరిచూసి తిరిగి ఇచ్చే ఏర్పాటు లేనిదే ఆ మాటను నేను నమ్మలేను. 2024లో సైన్యం తాను పౌరులు కాదన్న రొహింగ్యా యువకులనే బలవంతంగా దళాల్లో చేర్చుకుని, రఖైన్ జాతి సాయుధ దళమైన అరకాన్ ఆర్మీ మీదికి పంపింది. వాళ్లకు ఆశ చూపింది పౌరసత్వపు కార్డునే.