ఇచ్ఛాపురం మీదుగా విద్యుత్తు, రైలు: ఉద్దానం తీరంలో రెండు వ్యవస్థల కలయిక – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం: రవాణా విద్యుత్తుపై ఆధారపడినప్పుడు రవాణా వ్యవస్థకూ విద్యుత్ గ్రిడ్‌కూ మధ్య ఏర్పడే సంబంధాన్ని ఈ వ్యాసం శ్రీకాకుళం జిల్లాలోని ఇచ్ఛాపురం, పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల చరిత్ర ఆధారంగా పరిశీలిస్తుంది. హౌరా–చెన్నై రైలుమార్గ విద్యుదీకరణ, 2013 వరకు ఇక్కడ నడిచిన గ్రిడ్ల సరిహద్దు, 2018 నాటి తిత్లీ తుపాను, వ్యవసాయ కనెక్షన్ల మీటర్లు ఇందులో ప్రధానాంశాలు. రైలుకు, పల్లెకు కరెంటు అందేది ఒకే గ్రిడ్ నుంచి అయినా, ఆ రెండింటికీ దక్కిన భద్రత ఒకటి కాదని ఈ చరిత్ర చూపుతుంది.

కీలకపదాలు: ఇచ్ఛాపురం, ఉద్దానం, రైల్వే విద్యుదీకరణ, గ్రిడ్, తిత్లీ తుపాను, విద్యుత్ వాహనాలు.

1. ఉపోద్ఘాతం:

విద్యుత్ వాహనాలను గ్రిడ్‌తో అనుసంధానించడం గురించి నేడు జరుగుతున్న చర్చ ఎక్కువగా నగరాల చుట్టూ తిరుగుతోంది. మెట్రో రైళ్లు, విద్యుత్ బస్సులు, చార్జింగ్ కేంద్రాలు అందులో తరచు ప్రస్తావనకు వస్తాయి. దీనిని రాబోయే కాలపు సమస్యగా భావించడం కూడా పరిపాటి అయింది. నిజానికి భారతదేశంలో మొదటి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3న బొంబాయి విక్టోరియా టెర్మినస్, కుర్లాల మధ్య నడిచింది. అంటే రవాణా, విద్యుత్ వ్యవస్థల కలయికకు మన దేశంలో నూరేళ్లు నిండాయి. ఆ కలయిక వల్ల ఎవరికి ఏమి ఒనగూడిందో తెలుసుకోవడానికి మహానగరాల కంటే తీగలు దాటిపోయే ఊళ్లను చూడడం మేలు. అటువంటి ఊరు ఇచ్ఛాపురం.

2. సరిహద్దు, రైలు, కరెంటు:

ఈ తీరానికి మొదట వచ్చింది రైలు. ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే 1893–96 సంవత్సరాల మధ్య విజయవాడ నుంచి కటక్ వరకు మార్గాన్ని ప్రారంభించింది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు నౌపడా వద్ద ఆ పెద్ద మార్గాన్ని కలుసుకుంది. ఉప్పు, కొబ్బరి, ఆ తరువాతి కాలంలో జీడిపప్పు ఈ మార్గం మీదనే బయటి అంగళ్లకు చేరాయి.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు గంజాం జిల్లా రెండుగా చీలింది. ఇచ్ఛాపురం, టెక్కలి పరిసరాలు మద్రాసు రాష్ట్రంలోని విశాఖపట్నం జిల్లాలో మిగిలాయి. 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడింది. ఇచ్ఛాపురం తెలుగు తీరానికి ఉత్తరపు కొస అయింది. పరిపాలన సరిహద్దు మారినా రైలు సరిహద్దు దానితో పాటు మారలేదు. 2003 ఏప్రిల్‌లో పనిచేయడం ప్రారంభించిన తూర్పు కోస్తా రైల్వేలో పలాస వరకు ఖుర్దా రోడ్ డివిజన్, అక్కడి నుంచి దక్షిణం వైపు వాల్తేరు డివిజన్ నిలిచాయి. దక్షిణ కోస్తా రైల్వే జోన్ కోసం 2025లో డివిజన్లను పునర్వ్యవస్థీకరించినప్పుడు కూడా విశాఖపట్నం డివిజన్ పలాసతోనే ఆగింది. మందస రోడ్, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉంటూనే ఖుర్దా రోడ్ పాలనలో కొనసాగుతున్నాయి.

కరెంటు చాలా ఆలస్యంగా వచ్చింది. ఉత్తర కోస్తాకు పెద్ద ఎత్తున విద్యుత్తును అందించిన మొదటి ఆధారం మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం. ఆంధ్ర, ఒడిశా రాష్ట్రాలు ఉమ్మడిగా నిర్మించిన ఈ కేంద్రం 1955లో ప్రారంభమైంది. 1959లో రాష్ట్ర విద్యుత్తు బోర్డు, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడ్డాయి. పల్లెలకు తీగలు చేరడం ఆ తరువాత వేగం అందుకుంది. అప్పటికి రైలు ఇంకా బొగ్గుతోనే, ఆపైన డీజిల్‌తోనే నడుస్తోంది. ఒకే భూభాగంలో ఉన్నా ఈ రెండు వ్యవస్థలూ దాదాపు అర్ధశతాబ్దం పాటు ఒకదానినొకటి తాకలేదు.

3. తీగ కింద రైలు:

1957లో భారత రైల్వే 25 కిలోవోల్టుల ఏకఫేజు ఆల్టర్నేటింగ్ విద్యుత్ విధానాన్ని తన ప్రమాణంగా స్వీకరించింది. బొంబాయిలో వాడిన డైరెక్ట్ కరెంటు విధానంలో సబ్‌స్టేషన్లను దగ్గర దగ్గరగా కట్టవలసి వచ్చేది. కొత్త విధానంలో సుమారు 40 నుంచి 60 కిలోమీటర్లకు ఒక ట్రాక్షన్ సబ్‌స్టేషన్ సరిపోతుంది. ఉత్తరాంధ్రలో ముందుగా ఇనుప ఖనిజం మోసే కొత్తవలస–కిరండూల్ మార్గం 1980ల ఆరంభంలో విద్యుదీకరణ పొందింది. ఖనిజం లేని ఇచ్ఛాపురం తీరం తన వంతు కోసం మరో ఇరవై యేళ్లు వేచి ఉండవలసి వచ్చింది. హౌరా–చెన్నై మార్గం మొత్తం విద్యుదీకరణ 2005 నాటికి పూర్తయింది.

ఈ విధానంలో గ్రిడ్‌కు ఒక చిక్కు ఉంది. రాష్ట్ర ప్రసార వ్యవస్థలో మూడు ఫేజులు సమానమైన భారంతో నడవాలి. రైలు వాటిలో రెండింటి మధ్య నుంచి మాత్రమే విద్యుత్తు లాగుతుంది. వేల టన్నుల గూడ్సు కదలగానే ఆ రెండు ఫేజుల మీద ఒక్కసారిగా భారం పడి, మూడోది తేలికగా మిగులుతుంది. దీనికి విరుగుడుగా ఒక సబ్‌స్టేషన్‌కు మొదటి రెండు ఫేజులు, తరువాతి దానికి వేరొక జంట, ఆ తరువాతి దానికి మూడో జంట కేటాయిస్తారు. ఫలితంగా పక్కపక్క సబ్‌స్టేషన్ల నుంచి వచ్చే విద్యుత్తు ఒకదానితో ఒకటి కలవరాదు. అందువల్ల వాటి మధ్య కరెంటు లేని చిన్న భాగం ఉంటుంది. దానిని రైల్వేవారు న్యూట్రల్ సెక్షన్ అంటారు. అక్కడికి రాగానే లోకో పైలట్ ఇంజనుకు విద్యుత్తును ఆపి, బండిని దాని వేగంతోనే దాటించి, మళ్లీ కలుపుకుంటాడు. ప్రయాణికుడికి ఇది తెలియనే తెలియదు.

ఇచ్ఛాపురం విషయంలో ఈ చిన్న భాగానికి మరో అర్థం ఉండేది. 2013 చివరి వరకు భారతదేశంలో ఒకే గ్రిడ్ లేదు. తూర్పు ప్రాంతపు గ్రిడ్ 2003లో పడమర గ్రిడ్‌తో, 2006లో ఉత్తర గ్రిడ్‌తో ఒకే లయలోకి వచ్చింది. దక్షిణ గ్రిడ్ మాత్రం తన సొంత ఫ్రీక్వెన్సీతో విడిగా నడిచేది. ఒడిశా మొదటి దానిలో, ఆంధ్రప్రదేశ్ రెండో దానిలో ఉన్నాయి. ఈ రెండింటి మధ్య విద్యుత్తు మార్పిడికి డైరెక్ట్ కరెంటు వంతెనలే గతి. విశాఖపట్నం సమీపంలోని గాజువాక కేంద్రం, తాల్చేర్–కోలార్ మార్గం అటువంటివి. గాజువాకలో ఒక గ్రిడ్ విద్యుత్తును డైరెక్ట్ కరెంటుగా మార్చి, తిరిగి రెండో గ్రిడ్ లయలోకి మలచి పంపేవారు. అంత పెద్ద యంత్రాంగంతో చేసిన ఆ దాటింపును రైలింజను ఇచ్ఛాపురం, సుర్లా రోడ్‌ల దిక్కున రోజూ చేసేది. ట్రాక్షన్ సబ్‌స్టేషన్లు తమ తమ రాష్ట్రాల ప్రసార సంస్థల నుంచే విద్యుత్తు తీసుకుంటాయి కాబట్టి, ఆంధ్ర విద్యుత్తు ముగిసి ఒడిశా విద్యుత్తు మొదలయ్యే చోట బండి ఒక గ్రిడ్‌ను వదిలి మరో గ్రిడ్‌ను అందుకొనేది. లోపల విద్యుత్తును డైరెక్ట్ కరెంటుగా మార్చుకొనే ఇంజనుకు రెండు గ్రిడ్ల ఫ్రీక్వెన్సీలోని స్వల్ప భేదం అడ్డు కాలేదు. 2013 డిసెంబరు 31న రాయచూర్–షోలాపూర్ 765 కిలోవోల్టుల మార్గం ద్వారా దక్షిణ గ్రిడ్ మిగిలిన దేశంతో కలిసింది. ఆనాటితో ఇచ్ఛాపురం వద్ద ఆ కనబడని సరిహద్దు చెరిగిపోయింది. పత్రికలు దీనిని రాయచూరు వార్తగా రాశాయి గాని ఇచ్ఛాపురం వార్తగా కాదు.

త్రీ ఫేజ్ మోటార్లతో పనిచేసే డబ్ల్యు.ఎ.జి.–9, డబ్ల్యు.ఎ.పి.–7 రకం ఇంజన్లు వచ్చాక సంబంధం రెండు వైపులదైంది. బ్రేకు వేసినప్పుడు ఈ ఇంజన్ల మోటార్లు జనరేటర్లుగా మారి విద్యుత్తును తీగలోకి తిరిగి పంపుతాయి. అదే విభాగంలో మరో బండి ఉంటే అది వాడుకుంటుంది, లేకుంటే సబ్‌స్టేషన్ ద్వారా గ్రిడ్‌లోకి వెళ్తుంది. వాహనం గ్రిడ్‌కు విద్యుత్తు ఇవ్వడాన్ని కార్ల విషయంలో కొత్త ఆవిష్కరణగా చెబుతున్నారు. పలాసలో ఆగే బండి ఆ పని ఇప్పటికే చేస్తోంది.

4. ఉత్పత్తిని నిరాకరించిన తీరం:

ఈ తీరాన్ని విద్యుత్ ఉత్పత్తి కేంద్రంగా మార్చే ప్రయత్నాలు కూడా జరిగాయి. సోంపేట బీల భూముల్లో ఒకటి, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లి వద్ద మరొకటి, ఒక్కొక్కటి 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రాలుగా ప్రతిపాదించారు. చిత్తడి నేలలు, చేపల వేట, సేద్యం పోతాయని ప్రజలు ఎదురు నిలిచారు. 2010 జూలై 14న సోంపేటలో, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. విద్యుత్ రవాణా కాలుష్యం లేనిదని చెప్పేటప్పుడు ఆ విద్యుత్తు ఎవరి ఊరి పక్కన పుట్టాలన్న ప్రశ్న మరుగున పడుతుంది. ఈ రెండు ఊళ్లూ ఆ ప్రశ్నను రైలుపట్టాలకు దగ్గరలోనే వేశాయి.

5. 2018: విధానాలు, తుపాను:

2018వ సంవత్సరం ఈ చరిత్రలో విచిత్రమైనది. ఆ యేడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2018–23 కాలానికి విద్యుత్ వాహనాల విధానాన్ని ప్రకటించింది. సెప్టెంబరులో కేంద్ర మంత్రివర్గం బ్రాడ్‌గేజ్ మార్గాలన్నింటినీ పూర్తిగా విద్యుదీకరించడానికి ఆమోదం తెలిపింది. ఆ ఆమోదం వచ్చి నెల తిరగకముందే, అక్టోబరు 11 తెల్లవారుజామున నాలుగున్నర, ఐదున్నర గంటల మధ్య తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, ఒక్కోసారి 165 వరకు నమోదైంది.

ముందురోజు రాత్రి నుంచే ఖుర్దా రోడ్, విజయనగరంల మధ్య రైళ్లను ఆపివేశారు. తుపాను వెళ్లాక ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. వేల సంఖ్యలో విద్యుత్ స్తంభాలు కూలాయి. రైళ్ల రాకపోకలు త్వరగానే కుదుటపడ్డాయి. పల్లెల్లో మాత్రం చాలాచోట్ల వారం దాటినా కరెంటు రాలేదు. ఇతర జిల్లాల నుంచి సిబ్బందిని, స్తంభాలను, ట్రాన్స్‌ఫార్మర్లను తెప్పించవలసి వచ్చింది.

ఈ తేడాను సిబ్బంది శ్రద్ధలో తేడాగా చూడడం పొరపాటు. అది నిర్మాణంలోనే ఉంది. రైల్వేకు విద్యుత్తు అందేది ఎత్తైన టవర్ల మీద నడిచే ప్రసార మార్గాల నుంచి. పట్టాల వెంట తీగను మోసేది కాంక్రీటు పునాదుల్లో నాటిన ఉక్కు స్తంభాలు. పట్టాలకు ఇరువైపులా చెట్లను నరికి ఉంచుతారు. తీగ తెగితే సరిచేయడానికి టవర్ వ్యాగన్ ఆ పట్టాల మీదనే వస్తుంది. ఎక్కడైనా కరెంటు అందకపోతే బండిని లాగడానికి ఆ రోజుల్లో డీజిల్ ఇంజను ఉండేది. పల్లె తీగ సంగతి వేరు. 11 కిలోవోల్టుల లైను ఇసుక నేలలో పాతిన సన్నని సిమెంటు స్తంభాల మీద, కొబ్బరితోటల నడుమ సాగుతుంది. ఒక చెట్టు తీగ మీద పడితే తీగ వరుసగా నాలుగైదు స్తంభాలను లాగేస్తుంది. బాగుచేయవలసిన వారు ముందుగా దారికి అడ్డంపడిన చెట్లను తొలగించుకోవాలి. ఉప్పుగాలి రెండింటినీ సమానంగా తింటుంది గాని, ఇన్సులేటర్లను కడిగే ఏర్పాటు రెండింటికీ సమానంగా ఉండదు.

ఉద్దానంలో కరెంటు లేకపోవడం చీకటితో ఆగేది కాదు. కారణం ఇప్పటికీ తేలని మూత్రపిండాల వ్యాధి ఈ పల్లెలను పీడిస్తోంది. అందువల్ల శుద్ధిచేసిన నీరు ఇక్కడ మందుతో సమానం. శుద్ధి యంత్రం, బోరు మోటారు, డయాలసిస్ యంత్రం మూడూ కరెంటుతోనే నడుస్తాయి. డయాలసిస్ రోగికి వారంలో రెండు మూడు సార్లు, ప్రతిసారీ నాలుగు గంటల దాకా ఆ యంత్రం అవసరం. తుపాను తరువాత తాగునీటికి జనరేటర్లు తెచ్చి మోటార్లు నడిపారు. హిరమండలం నుంచి పైపుల ద్వారా నీరు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల మూత్రపిండాల ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అవి కూడా అదే పంపిణీ వ్యవస్థ మీద ఆధారపడినవే.

6. చార్జీల లెక్క:

రైలుకు, రైతుకు మధ్య ఉన్న మరో బంధం బిల్లుల్లో ఉంది. చాలాకాలం పాటు రైల్వే తనకు సరఫరా అయ్యే విద్యుత్తు అసలు ఖర్చు కంటే ఎక్కువ ధర చెల్లించింది. ఆ అదనపు సొమ్ము గృహ, వ్యవసాయ వినియోగదారుల రాయితీకి తోడ్పడేది. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక ఇటువంటి ఆదాయానికి ప్రాధాన్యం పెరిగింది. 2014లో కేంద్ర విద్యుత్ శాఖ రైల్వేను లైసెన్సుదారుతో సమానంగా పరిగణించింది. మరుసటి యేడు కేంద్ర విద్యుత్ నియంత్రణ సంఘం ఆ వైఖరిని సమర్థించింది. దాంతో రైల్వే పంపిణీ సంస్థలను పక్కనపెట్టి నేరుగా విద్యుత్తు కొనడం ప్రారంభించింది. వివాదం న్యాయస్థానాల దాకా వెళ్లింది. రైల్వే దృష్టితో చూస్తే అది న్యాయమైన కోరికే. సరుకు రవాణా చౌక కావాలంటే కరెంటు చౌక కావాలి. అయితే పెద్ద కొనుగోలుదారు తప్పుకున్నప్పుడు పంపిణీ సంస్థకు మిగిలే లోటును ఎవరో ఒకరు భరించాలి.

2020లో ప్రభుత్వం వ్యవసాయ కనెక్షన్లకు మీటర్లు పెట్టి, రాయితీని రైతు ఖాతాలో వేసే పథకాన్ని ప్రయోగాత్మకంగా శ్రీకాకుళం జిల్లాలో మొదలుపెట్టింది. వినియోగం మూడో వంతు మేర తగ్గిందని ప్రభుత్వం ప్రకటించింది. రైతుసంఘాలు, వామపక్షాలు ఇది ఉచిత విద్యుత్తును ఎత్తివేయడానికి తొలి అడుగని విమర్శించాయి. స్మార్ట్ గ్రిడ్ అనే మాటకు ఈ జిల్లా రైతు ఎరిగిన మొదటి రూపం ఆ మీటరు. అది గ్రిడ్‌కు రైతు వాడకాన్ని తెలియజేసింది. మోటారుకు ఏ గంటలో కరెంటు వస్తుందో, ఎప్పుడు పోతుందో రైతుకు చెప్పే ఏర్పాటు దానిలో లేదు.

7. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర:

ఇప్పుడు విద్యుత్ రవాణా పట్టాల మీద నుంచి వీధిలోకి వస్తోంది. పలాస–కాశీబుగ్గ జంటపట్టణంలో గాని, ఇచ్ఛాపురం బస్టాండు దగ్గర గాని ప్రయాణికుల రవాణాలో పెద్ద భాగం ఆటోలదే. విద్యుత్ ఆటో బ్యాటరీ సామర్థ్యం సుమారు 7, 8 యూనిట్లు. చార్జింగ్ సమయంలో అది రెండు కిలోవాట్లకు పైగా లాగుతుంది. సాయంత్రం ఏడు గంటలకు బాడుగలు ముగించుకొని పది మంది ఒకే వీధిలో ఒకేసారి ప్లగ్గు పెడితే 25 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇళ్ల దీపాలు, ఫ్యాన్ల కోసం ఏమీ మిగలదు. అదే పది ఆటోలు అర్ధరాత్రి తరువాత వంతులవారీగా చార్జి అయితే ఆ ట్రాన్స్‌ఫార్మరే చాలు. రైల్వే ఫేజులను పంచుకొని గ్రిడ్ భారాన్ని సర్దినట్టే, ఇక్కడ గంటలను పంచుకోవాలి.

రైల్వేలో ఆ సర్దుబాటును ఒకే సంస్థ తన ఇంజనీర్లతో, తన ఖర్చుతో చేసింది. వీధిలో అది పంపిణీ సంస్థ, ఆటో యజమాని, అప్పిచ్చిన ఫైనాన్సు వ్యాపారి, ఇంటి యజమాని కలిసి చేయవలసిన పని. రాత్రి చార్జీ తగ్గితే తప్ప ఆటో యజమాని అర్ధరాత్రి దాకా ఆగడు. తగ్గింపు ఇవ్వాలంటే గంటల లెక్క చెప్పే మీటరు కావాలి. ఆ మీటరు పట్ల ఈ జిల్లాలో అనుమానం ముందే పాతుకుపోయింది.

డీజిల్ ఇంజన్లు తగ్గుతున్న కొద్దీ తుపాను రోజుల్లో రైల్వేకు కూడా ప్రత్యామ్నాయాలు తగ్గుతున్నాయి. రేపు ఆటో, అంబులెన్సు కూడా కరెంటుతోనే నడిస్తే, డయాలసిస్ యంత్రం, రోగిని దాని దగ్గరికి చేర్చే బండి ఒకే తీగ మీద ఆధారపడతాయి. తిత్లీ తరువాతి రోజుల్లో పెట్రోలు బండి ఒకటైనా కదిలింది. కవిటి, కంచిలి మండలాల్లోని పల్లెలకు కరెంటు మోసేది ఇంకా ఎక్కువ భాగం ఇసుకలో పాతిన సిమెంటు స్తంభాలే.