పనిలో అతిశ్రమ గాయాలు: నష్టపరిహార చట్టాల చరిత్ర

శక్తికి మించిన బరువు ఎత్తడం, మోయడం, లాగడం, నెట్టడం వల్ల పనిచేసే మనిషి ఒంటికి కలిగే హానిని అతిశ్రమ గాయం అంటారు. నడుం పట్టేయడం, డిస్కు జారడం, కండరం చిట్లడం, హెర్నియా, ఒక్కోసారి గుండెపోటు కూడా ఈ కోవలోకి వస్తాయి. యంత్రంలో పడి వేలు తెగితే నలుగురూ చూస్తారు. జారిన డిస్కుకు సాక్షి ఉండడు. ఈ గాయాలకు పరిహారం దక్కడంలో ఉన్న చిక్కంతా ఇక్కడే ఉంది.

మోతకూలీలకు వచ్చే జబ్బులను ఇటలీ వైద్యుడు రమజ్జీని 18వ శతాబ్ది ఆరంభంలోనే గుర్తించాడు. చట్టం మేలుకోవడానికి మరో రెండు శతాబ్దాలు పట్టింది. జర్మనీ 1884లో ప్రమాద బీమా చట్టం చేసింది. బ్రిటన్ 1897లో శ్రామిక నష్టపరిహార చట్టం తెచ్చింది. యజమాని తప్పు రుజువు చేయకపోయినా, పని వల్ల, పని చేస్తుండగా ‘ప్రమాదం’ జరిగితే చాలు, పరిహారం ఇవ్వాలన్నది ఆ చట్టం సారం.

మరి జారిపడకుండా, దెబ్బ తగలకుండా, కేవలం బలం ఉపయోగించినందుకే ఒళ్లు దెబ్బతింటే దాన్ని ప్రమాదం అనవచ్చా? ఈ ప్రశ్న ఫెంటన్ వర్సెస్ థోర్లీ కేసులో తేలింది. పశువుల దాణాను ఆవిరి ఒత్తిడితో అచ్చుపోసే యంత్రం దగ్గర ఫెంటన్ పనిచేసేవాడు. ఒకరోజు యంత్రం చక్రం బిగుసుకుపోయింది. తోటి కార్మికుణ్ణి సాయం పిలిచి ఇద్దరూ కలిసి తిప్పారు. ఫెంటన్‌కు లోపల ఏదో చిరిగినట్టయింది. చూస్తే హెర్నియా. మనిషి తన పని తాను మామూలుగానే చేశాడు కాబట్టి ఇందులో ప్రమాదం లేదని అప్పీలు కోర్టు కొట్టేసింది. 1903లో అప్పటి బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ ఆ తీర్పును తిరగరాసింది. అనుకోని కీడు ఏదైనా ప్రమాదమేననీ, అది మనిషి ఒంట్లో జరిగినా అంతేననీ తేల్చింది. 1910లో ఇంకో అడుగు ముందుకేసింది. నట్టు బిగిస్తుండగా రక్తనాళం పగిలి చనిపోయిన కార్మికుడి కేసు అది. అతని నాళం అప్పటికే బాగా పాడైపోయి ఉన్నా పరిహారం చెల్లుతుందని మెజారిటీ న్యాయమూర్తులు తీర్పు ఇచ్చారు.

బ్రిటిష్ చట్టాన్నే నమూనాగా తీసుకుని భారతదేశంలో 1923లో వర్క్‌మెన్ పరిహార చట్టం చేశారు. అది 1924 జులై 1న అమల్లోకి వచ్చింది. అందులోని మొదటి షెడ్యూలు చేయి తెగితే ఇంత, కన్ను పోతే ఇంత అని శాతాలు కట్టింది. నడుముకు అందులో చోటు లేదు. షెడ్యూలులో లేని గాయానికి సంపాదన శక్తి ఎంత తగ్గిందో డాక్టరు చెప్పాలి. నెలకు రూ.15,000 వేతనం లెక్కకు వచ్చే 40 ఏళ్ల మనిషికి 30 శాతం శక్తి పోయిందంటే, వేతనంలో 60 శాతాన్ని ఆ వయసుకు చట్టం నిర్ణయించిన గుణకం 184.17తో హెచ్చించి అందులో 30 శాతం తీస్తారు. అది రూ.4,97,259. డాక్టరు 10 శాతమే అంటే రూ.1,65,753. డాక్టరు రాసే ఒక్క అంకె మీద కుటుంబం బతుకు ఆధారపడుతుంది.

పని ఒత్తిడితో గుండె ఆగిన కేసుల్లో సుప్రీంకోర్టు ఒకే బాటలో నడవలేదు. 2006లో ఒక లారీ క్లీనర్ మరణానికి పనితో సంబంధం రుజువు కాలేదని పరిహారం నిరాకరించింది. 2012లో ఢిల్లీ నుంచి వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీ నడిపి, దారిలో కుప్పకూలి చనిపోయిన డ్రైవరు కుటుంబానికి పరిహారం ఇప్పించింది. ఈ రెండో చూపే న్యాయమైనది. అంత దూరం బండి తోలిన మనిషి అలసటకు వేరే రుజువు అడగడం అన్యాయం.

గాయం కాకముందే ఆపే ప్రయత్నాలు విడిగా సాగాయి. హాని చేసేంత బరువు ఎవరిచేతా ఎత్తించకూడదని 1948 ఫ్యాక్టరీల చట్టం 34వ సెక్షన్ చెప్పింది. వయోజన పురుషుడికి 55 కిలోలు మించరాదని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1967లో సిఫారసు చేసింది. అమెరికా వృత్తి ఆరోగ్య పరిశోధన సంస్థ 1991 లెక్క ప్రకారం అన్ని పరిస్థితులూ అనుకూలంగా ఉన్నా 23 కిలోలే హద్దు. మన కోస్తా జిల్లాల్లో వరి బస్తా అంటే 75 కిలోలని లెక్క.

హమాలీల సంగతికి వస్తే గాయం కన్నా ముందు యజమాని ఎవరన్నదే తేలదు. బస్తాకింత అని కూలి తీసుకుంటారు. సరుకు వ్యాపారిది, లారీ ఇంకొకరిది, పని మాట్లాడేది ముఠా మేస్త్రీ. ఈ ఇబ్బందికి విరుగుడుగా మహారాష్ట్ర 1969లో మాథాడీ (మోతకూలీల) చట్టం, ఆంధ్రప్రదేశ్ 1976లో ముఠా, జట్టు, హమాలీ కార్మికుల చట్టం చేశాయి. 1923 నాటి కేంద్ర చట్టం మాత్రం యజమాని వ్యాపారానికి చెందని దినకూలీ పనివారిని 2000 సవరణ దాకా బయటే ఉంచింది. 2009 సవరణతో దాని పేరు ఉద్యోగుల పరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చి దాని స్థానం తీసుకుంది.

చట్టం పేరు ఏదైనా సాక్ష్యం అవసరం తీరలేదు. బరువెత్తుతూ నడుం పట్టేసిన మనిషి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ పని చేస్తుండగా నొప్పి మొదలైందో చీటీలో రాయించుకోవాలి. యజమానికి కాగితం మీద తెలియజేయాలి.