ఎత్తు మడమ ఎక్కడి నుంచి వచ్చింది?

శాదీ బజారులో ఎత్తు మడమల చెప్పులు చేతిలోకి తీసుకున్న ఆడపిల్లను చూసి మన ఘరానాల్లో పెద్దలు అనే మాట ఒకటుంది: "ఇదంతా ఫిరంగీ ఫ్యాషన్ బేటీ, మనకెందుకు?" నడుము నొప్పి వస్తుందనో, జారి పడతావనో అంటే ఒప్పుకోవచ్చు. ఫిరంగీ అనడం మాత్రం తవారీఖ్‌కు సరిపడదు. ఆ మడమ ఈరాన్ నుంచే ఫిరంగుల దగ్గరికి చేరిందని జోళ్ల చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. అదీ జనానా నుంచి కాదు, మర్దానా నుంచి!

ఈరానీ సవార్లకు అది షోకు కాదు, జరూరత్. పరుగెత్తే గుర్రం మీద రికాబుల్లో కాళ్లు మోపి, లేచి నిలబడి, తీర్ వదలాలి. మడమ రికాబుకు ఆనుకుని పాదం జారకుండా పట్టి ఉంచేది. సఫవీ జమానా జోళ్లలో కొన్ని కీముఖ్త్‌తో చేసినవి. గుర్రం తోలు తడిగా ఉన్నప్పుడు దానిలోకి గింజలు అదిమి ఆరబెడితే వచ్చే గరుకు తోలే కీముఖ్త్.

1599లో షాహ్ అబ్బాస్, హుసేన్ అలీ బేగ్‌ను ఎల్చీగా యూరప్ పంపాడు. ఉస్మానీ సల్తనత్ మీద జంగ్‌కు దోస్తులు కావాలి ఆయనకు. మాస్కో, ప్రాగ్, రోమ్, స్పెయిన్ దర్బారులన్నీ తిరిగారు. సియాసీ ఫాయిదా పెద్దగా దక్కలేదు. కానీ ఆ రోజుల్లోనే ఈరానీ వస్తువుల మోజు అక్కడి అమీర్లకు పట్టింది, మడమ వాళ్ల కాళ్లకెక్కింది.

నేల మీద నడవడానికి అది పనికిరాదు. పనికిరాకపోవడమే దాని షాన్. బురదలో మేహనత్ చేసేవాడు తొడగలేడు కదా! ఫ్రాన్స్ బాద్షాహ్ పద్నాలుగో లూయీ తన మడమలకు ఎర్ర రంగు వేయించుకున్నాడు. 1701లో రిగో గీసిన తస్వీర్‌లో అవి ఇప్పటికీ కనిపిస్తాయి.

ఆడవాళ్లు మగవాళ్ల టోపీలతో పాటు మడమనూ తీసుకున్నది 1630ల ప్రాంతంలో. తర్వాత మగవాళ్ల మడమ వెడల్పై, పొట్టిదై, 18వ సదీ మధ్యకల్లా దాదాపు మాయమైంది. ఆడవాళ్లది సన్నబడుతూ పోయింది.

ఇప్పటి తరహాల్లో నాకు నచ్చే కిస్సా వెడ్జ్‌ది. 1935లో ఇటలీ ఇథియోపియా మీద దాడి చేసింది, దాంతో ఆంక్షలు వచ్చిపడ్డాయి. జోళ్లలో వేసే మంచి ఉక్కు దొరకలేదు. ఫెరగామో అనే కారీగర్ మడమకూ పాదానికీ మధ్య ఖాళీని కార్క్ బెరడుతో నింపేశాడు. స్టిలెట్టో 1950లది. ఇటాలియన్‌లో ఆ మాటకు చిన్న ఖంజర్ అని అర్థం. అంత సన్నటి కర్ర ఒంటి బరువుకు విరిగిపోతుంది, అందుకే లోపల ఉక్కు కడ్డీ పెట్టారు.

మరి మన తహజీబ్‌లో ఆడవాళ్లకు ఎత్తు జోళ్లు లేవా అంటే, ఉన్నాయి. ఉస్మానీ హమామ్‌లలో బేగంలు ఎత్తైన చెక్క నాలైన్ తొడిగేవారు, ముత్యపు చిప్ప పొదిగినవి. తడిసి కాలుతున్న రాతి నేల పాదానికి తగలకుండా.